వంశవృక్షానికి పోసిన ఉమ్ము

ఒక మహావంశం నిలువునా కూలిన గాథ చెబుతాను, గుండె దిటవు చేసుకోండి. ఇందులో కళింగ సేనలున్నాయి, రక్తం దాచిన రహస్యాలున్నాయి, భార్యాభర్తల ఎడబాటుంది, కన్నీళ్ల మధ్య కదలబోయిన పది చక్రాల రథం ఉంది.

అంత లేదు. రథం అంటే మా మావయ్య లారీ. మహావంశం అంటే మేమే, పాతపట్నం అవతల కాస్త వరి, మెట్ట మీద చోళ్లు, అంటే రాగులు, పండించుకునే కుటుంబం. సేనలు నేను కల్పించినవి. మిగతా కథంతా ఉమ్ము గురించే. అన్నం ముందు కూర్చున్నవాళ్లు ముగించి రండి, నేనెక్కడికీ పోను.

అప్పటికి నా ఇంజినీరింగ్ అయి ఏడాది. ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని నేను, నేనే వెతకాలని మా నాన్న, చెరో నమ్మకం మీద గట్టిగా ఉన్నాం. ఆ ఖాళీలో విజయనగరం స్నేహితుడొకడు, "మా ముత్తాత కోటలో ఏనుగుల్ని సూసీవోడ్రా. మరి మీవోళ్లో?" అన్నాడు. "మావోళ్లు కళింగ సైన్యంలో దండనాయకులు," అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఇక తక్కువైంది సాక్ష్యమొక్కటే.

సాక్ష్యం కోసం ఓ ఆఫీసుకి వెళ్లి పాత భూమి రికార్డులు అడిగాను. గుమస్తా కళ్లజోడు పైకి తోసి, "ఏ ఏడాదివి కావాల?" అన్నాడు.

"ఎంత పాతవుంటే అంత, సార్."

"పాతవి సెదలు సదివేసినాయి బాబూ. మిగిల్నవి నువ్వు సదువుకో."

మిగిలిన కాగితాల్లో మా తాతకి తాత పేరు దొరికింది. ఒళ్లంతా పులకరించింది. తీరా చూస్తే పేరు పక్కన కత్తి లేదు, డాలు లేదు. "చోళ్లు" అని ఉంది.

నిరాశపడే రకమా మనం? ఫోనులో వంశవృక్షం గీసే యాప్ వేసుకుని, ఆ చోళ్లాయన పైనున్న ఖాళీ గడిలో 'దండనాయకుడు' అని నేనే కొట్టి, కింద 'పరిశోధనలో ఉంది' అని పెట్టాను. ఆ పరిశోధన పూర్తి చేయడానికే డీఎన్ఏ కిట్లు రెండు తెప్పించాను. ఒకటి నాకు, ఒకటి నాయనమ్మకి. ఇంట్లో అందరికంటే పాత మనిషి ఆవిడే కదా, దండనాయకుడికి దగ్గరగా ఉంటుందని నా లెక్క. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చిందని, ఆ రక్తం ఆవిడలో ఉండే వీలే లేదని నాకు తట్టలేదు. ఇంజినీరునని ముందే చెప్పాను.

నాయనమ్మ మొన్నమొన్నటిదాకా అడ్డచుట్ట కాల్చేది. అంటే నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, అలాగే ఊళ్లో వాళ్లందర్నీ తిట్టగలిగేది. దగ్గు చూసి డాక్టరు మానమన్నాడు. నాన్న నెత్తి మీద చెయ్యేసి ఒట్టేసింది. ఆ త్యాగానికి ఇంటిల్లిపాదీ మొక్కాం, అమ్మ తప్ప. అత్తాకోడళ్లకి పాతికేళ్లుగా ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్న దాని మీద కూడా మాట కలవలేదు.

"నాయనమ్మా, ఈ గొట్టంలో గీత దాకా ఉమ్మాల."

"ఎందుకురా?"

"మన తాతముత్తాతలు ఎవులో తెలుస్తాది."

"ఉమ్మితే తెలుస్తాదేటి? నన్నడుగు, నాను సెప్తాను."

"నీకు తెల్దులే. ముందు అరగంట ఏటీ తినకూడదు, తాగకూడదు, నోట్లో ఏటీ పెట్టుకోకూడదు."

"అరగంటే!" అంది, కార్తీకమాసం మొత్తం పస్తుండమన్నట్టు.

గొట్టం చేతిలో పెట్టి డాబా ఎక్కాను. సిగ్నలు దొరికేది అక్కడే. 'చరిత్ర తవ్వకం ఆరంభం' అని స్టేటస్ పెట్టి, ఎవరెవరు చూశారో చూసుకుని దిగేసరికి గొట్టం గీత దాకా నిండి ఉంది. నాయనమ్మ గడపలో కూర్చుని పసిపిల్లలా చూస్తోంది. "అబ్బ, ఎంత బేగి ఉమ్మేసినావే!" అని మెచ్చుకున్నాను కూడా.

కొన్ని వారాలకి రిపోర్టు వచ్చింది. బుద్ధున్నవాడు ముందు చదువుతాడు. నేను స్క్రీన్‌షాట్ తీసి, 'మన వంశానికి సైన్సు వేసిన ముద్ర ఇదిగో' అని రాసి, చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో వేసి, ఆ తరవాత చదివాను.

'ఈ ఇద్దరి మధ్య రక్తసంబంధం కనబడలేదు.'

తీసేద్దామని వేలు పెట్టేలోపే సగంమంది చూసేశారు. ఒక పెద్దాయన అలవాటు కొద్దీ కింద గులాబీ పువ్వు పెట్టాడు. అంతలో శృంగవరపుకోట నుంచి మా అత్త, అంటే నాన్న చెల్లెలు, ఫోను చేసింది. కంగారులో స్పీకరు నొక్కాను. ఇంట్లో అందరూ వినేలా మోగింది గొంతు.

"ఒరే శీనూ, ఏటిరా ఇది? మాయమ్మకీ నీకూ సంబంధం లేదంటాదేటి?"

"మిషను తప్పు సెప్పుంటాది అత్తా."

"మిషనుకి మనమీద పగేటిరా? మీ నాన్న మాయమ్మ కొడుకు కాడా, నువ్వు మీ నాన్న కొడుకువి కావా? రెండిట్లో ఏదో ఒకటి సెప్పు!"

ప్రశ్న పద్ధతిగానే ఉంది. అదే మా కొంప ముంచింది.

మొదటి సగానికి జవాబు పక్కింటి గౌరమ్మ మామ్మ చెప్పింది. "మీ నాన్నని ఈ రెండు సేతుల్తో ఈ ఇంట్లోనే తీసినాన్రా. బొడ్డు కోసింది నాను!" ఇక రెండో సగం నేను. ఆస్పత్రిలో పిల్లలు మారిపోయారందామంటే, నేను ఆస్పత్రి దాకా ఆగనే లేదు. సాలూరులో పుట్టింటి నుంచి అమ్మని తీసుకెళ్తుంటే దారిలోనే, మావయ్య లారీలో పుట్టాను. మారిపోవడానికి అందులో నేను కాక ఉన్నది స్టెప్నీ టైరొక్కటే.

ఇంక మిగిలిన అనుమానం ఒకటే. దాన్ని ఎవరూ నోటితో అనలేదు. అందరూ ఒకసారి మా అమ్మ వైపు చూసి తల తిప్పుకున్నారు.

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఏమీ అనలేదు. అనకపోతే పోయాడు, గోడకున్న అద్దంలో తన ముక్కు చూసుకుని, ఆ తరవాత నా ముక్కు చూశాడు.

"'సీ, ఇదేం మిషను' అని ఒక్క మాటంటే నీకేటి పోయీది?" అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు. నాన్న అప్పుడూ నోరు విప్పలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మ పెట్టె సర్దింది.

మధ్యాహ్నానికి మావయ్య సాలూరు నుంచి దిగాడు. బస్సులో రావచ్చు. కానీ సాలూరంటేనే లారీల ఊరు, ఆ ఊరి మనిషికి కోపమొస్తే లారీలోనే వస్తాడు.

"ఎవుడ్రా మాయక్కనన్నోడు?"

"ఎవులూ అన్లేదు మావా. మిషనంది."

"ఆ మిషను జోలికెళ్లినోడెవుడు?"

నేను స్తంభం వెనక్కి వెళ్లాను.

అమ్మ పెట్టె ఎక్కించి, లారీ మెట్టు మీద కాలు పెట్టింది. మావయ్య ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడు నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి బంపరు ముందు నిలబడింది.

"దిగవే కోడలా."

"తప్పుకో అత్తా. మీ రక్తం కానోడ్ని కన్నాను కదా, నాకిక్కడేటి పని?"

"దిగమంతన్నానా! ఆ గొట్టంలో ఉమ్మింది నాను కాదు."

ఇంజను ఆగింది.

"మరెవులే?" అన్నాను స్తంభం వెనక నుంచి.

"గౌరమ్మ."

గౌరమ్మ మామ్మ గోడ మీంచి తల పెట్టి, "సుగరు పరీచ్చన్నావు కదే!" అంది.

నాయనమ్మ ఎవరి వైపూ చూడలేదు. "అరగంట ఆగమన్నాడీ గుంటడు. ఈడు డాబా ఎక్కగానే పెరట్లో సుట్ట ఎలిగించినాను. సగంలో తీసీడానికి మనసొప్పలేదు. ఇది అటొస్తే, నువ్వుమ్మవే అన్నాను."

నిన్నటి నుంచి మూతపడ్డ నాన్న నోరు అప్పుడు తెరుచుకుంది. "సుట్టా? నా నెత్తిమీద సెయ్యేసి ఒట్టేసినావు కదే అమ్మా!"

"ఒట్టేసిన పొద్దు మానీసినాన్రా. మర్నాడు మల్లీ మొదలెట్టినాను. నీ నెత్తికేటైనాది, జుట్టూడ్డం తప్ప?"

అదీ సంగతి. ఇల్లు రెండు ముక్కలవుతుంటే, నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి చుట్ట పోతుందని నోరు మూసుకు కూర్చుంది. చివరికి కోడలి పరువు కోసం చుట్టని పణంగా పెట్టింది. పాతికేళ్లలో కోడలి కోసం ఆవిడ వదులుకున్న మొదటి వస్తువు అది.

నాన్న పెరట్లోకి వెళ్లి చుట్టల కట్ట వెతికి తెచ్చాడు, పొయ్యిలో పడేయడానికి. అమ్మ లారీ దిగి వచ్చి, ఆ కట్ట లాక్కుని, నాయనమ్మ ఒళ్లో పెట్టింది.

"రోజుకొకటి కాలుస్తాది ఆవిడ. ఎవులికైనా కష్టంగా ఉంటే ఇప్పుడే సెప్పండి, లారీ ఇంకా ఇక్కడే ఉన్నాది."

నాన్న మళ్లీ నోరు మూసుకున్నాడు. ఈసారి అందరికీ మంచే జరిగింది.

నేను మాత్రం ఆ వాకిట్లోనే, మావయ్య చూపు నా మీద ఉండగా, చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశాను. నా బొందిలో ప్రాణముండగా ఏ మనిషినీ, అయినవాళ్లనైనా కానివాళ్లనైనా, ఏ గొట్టంలోనూ ఏదీ పోయమని అడగను. చచ్చినవాళ్లని ఎక్కడివాళ్లని అక్కడే ప్రశాంతంగా ఉండనిస్తాను.

గౌరమ్మ మామ్మ ఒప్పుకోలేదు. "ఉమ్మింది నానే కదా, నా తాతలెవులో సెప్పు మరి," అని పీట వేసుక్కూర్చుంది. రిపోర్టు మొదటిసారి పూర్తిగా చదివాను. ఆవిడ పూర్వీకులు దక్షిణ భారతదేశానికి చెందినవారట.