ఏడు ఏడ పోయింది?

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మా చొప్పదండిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం బిళ్ల వేసి చూడండి అనేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనడం లేదు. ఒక పసిపిల్ల నోట నేను విన్న మూడు మాటల గురించి మాత్రమే చెబుతున్నాను. నాకు తోచిన కారణాలన్నీ వెతికి చూశాను. ఇంకేమైనా తోస్తే మీరు చెప్పండి.

నిరుడు చలికాలంలో మేం అయిదుగురం నేపాల్ వెళ్లాం. అందరం కరీంనగర్‌లో బీఎడ్ చదువుతున్నవాళ్లం. కొండల్లోని ఒక పేద ఊరి బడిలో పన్నెండు రోజులు పిల్లలకు పాఠాలు చెప్పాలి. పంపింది ఒక స్వచ్ఛంద సంస్థ. రామగుండంలో రైలెక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, సరిహద్దు దాటి, ఒక రోజంతా జీపులో వెళ్లాం.

మా అయిదుగురిలో స్వప్నదీ నాదీ హాస్టల్లో ఒకే గది. బెల్లంపల్లి అమ్మాయి. దేన్నయినా ఫోన్లో వీడియో తీసి పెట్టడం దాని అలవాటు. రైల్లో మరమరాలు తిన్నదీ వీడియోనే, జీపులో నేను కక్కుకున్నదీ వీడియోనే.

బడి అంటే రేకుల కప్పు వేసిన రెండు గదులు. అక్కడి టీచరు గోమా మేడమ్‌కు హిందీ బాగా వచ్చు. మొదటి రోజు నేను ఉత్సాహంగా వన్, టూ, త్రీ మొదలుపెట్టాను. పిల్లలు నాకంటే ముందే పది దాకా పాడేశారు. గోమా మేడమ్ నవ్వి, వచ్చిన ప్రతి బృందమూ అక్కడి నుంచే మొదలుపెడుతుందని చెప్పింది. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. పన్నెండు రోజుల్లో మేం నేర్పేదేమిటో నాకే అర్థం కాలేదు.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. నాకు ఊహ తెలిసేసరికే ఆయన దుబాయిలో ఉండేవాడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. నేను లెక్క పెట్టడం నేర్చుకునేటప్పుడు ఆరు తర్వాత ఏడు మరిచిపోయి ఎనిమిది అనేదాన్ని. బాపు అవతలి నుంచి, "ఏడు ఏడ పోయింది బిడ్డా?" అనేవాడు. మా దిక్కు ఎక్కడ అనడానికి ఏడ అంటాం. నేను "ఏడ్సుకుంట పోయింది బాపూ" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. లెక్కలు సరిగ్గా వచ్చాక కూడా ఆయన కోసం కావాలని ఏడు వదిలేసేదాన్ని.

నేను రెండో తరగతిలో ఉండగా బాపు అక్కడే, కార్మికుల గదిలో, నిద్రలోనే పోయాడు. శవం ఇరవై రోజులకు వచ్చింది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. హాస్టల్లో ఒకసారి స్వప్నకు మాత్రం చెప్పాను.

నేపాల్లో నాలుగో రోజు పొద్దున, చలికి పిల్లలను బయట ఎండలో కూర్చోబెట్టాం. గులకరాళ్లతో కూడికలు చెబుతున్నాను. బిమలా అనే ఎనిమిదేళ్ల పాప ఒక్కొక్క రాయీ పక్కకు జరుపుతూ లెక్కపెడుతోంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. ఫైవ్ అంది, సిక్స్ అంది, ఆగింది.

"ఏడు ఏడ పోయింది?"

తెలుగు. అది కూడా మా తెలుగు. నా జవాబు కోసమన్నట్టు రాయి మీద వేలు అలాగే ఉంచింది. తర్వాత తనే అంది. "ఏడ్సుకుంట పోయింది. ఎనిమిది ఎదురువోయి తోల్కచ్చింది."

తర్వాత సెవెన్, ఎయిట్ అంటూ రాళ్లు జరుపుకుంటూ పోయింది. మిగతా పిల్లలు ఏదో పాట అనుకుని నవ్వారు.

చివరి మాట నేనెప్పుడూ వినలేదు. బాపూ నేనూ చెప్పుకున్నవి రెండు మాటలే. ఎనిమిది ఎదురెళ్లి ఏడును వెంటబెట్టుకొచ్చిన సంగతి నాకు తెలియదు.

గోడ దగ్గర నిలబడ్డ స్వప్న ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎంత ముద్దుగ అన్నదే! మల్లొక్కసారి అనిపియ్యి, వీడియో తీస్త."

నాకు అప్పుడు అర్థమైందనుకున్నాను. తెలుగు మాట్లాడే నేపాలీ పాప. ఎంతమంది చూస్తారో! ఆ మాట తెలిసిన మనిషి ఈ కొండ మీద స్వప్న ఒక్కతే. వీడియో కోసం తనే పిల్లకు నేర్పి, మూడో మాట సొంతంగా కల్పించి ఉంటుంది.

మధ్యాహ్నం నీళ్ల కుళాయి దగ్గర నిలదీశాను. మొదట దానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గిన్నె కింద పెట్టింది.

"నువ్వే నేర్పినవనుకున్న లావణ్యా. నేనెందుకు నేర్పుత? సచ్చిపోయిన మీ బాపు ముచ్చటతోని ఆటలాడుతనా?"

"మరి ఇంకెవలకు తెలుసు?"

"నాకేం తెలుసు? నీ కండ్లకు నేను గంత మోసపుదాని లెక్క కనవడుతున్ననా?"

ఆ రోజు నుంచి స్వప్న నాతో మాట్లాడలేదు. పడుకునే చోటు కూడా మార్చుకుంది. రాత్రి అది ఏడవడం వినిపించినా, అదీ నటనే అనుకున్నాను. నా అనుమానం అంతగా పెరిగింది.

మరునాడు గోమా మేడమ్‌ను పక్కన పెట్టుకుని బిమలాను అడిగాను. ఆ మాటలు నీకు ఎవరు నేర్పారు? పిల్ల ఆలోచించకుండా నా వైపు వేలు చూపించింది. ఎప్పుడు అని అడిగితే, వాన పడిన రోజు అంది.

మేం వచ్చాక వాన పడలేదు. దసరా దాటాక అక్కడ చినుకే లేదని గోమా మేడమ్ చెప్పింది. దసరాకు నేను కరీంనగర్‌లో ఉన్నాను. పిల్లలు ఒకరిని చూసి ఇంకొకరనుకుంటారు, పట్టించుకోవద్దు అంది మేడమ్. ఆమె ఆ మాట అన్న తీరు కూడా నాకు అనుమానంగానే తోచింది. స్వప్న ఆమెకు ముందే చెప్పిందేమో అనుకున్నాను.

అయినా వెతికాను. బడి పుస్తకంలో మాకు ముందు వచ్చినవాళ్ల పేర్లు చూశాను. వాళ్లు తెల్లవాళ్లు. బిమలా తండ్రి ఇటుక బట్టీ పనికి తప్ప ఊరు దాటలేదు. ఊళ్లో గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మగవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఒకతను వెళ్లింది మలేసియాకు, అదీ గల్ఫే అనుకుంటున్నాడు. రెండో అతను ఖతార్‌లో బండి నడిపాడు. బాపు ఫోటో చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. టీ ఇచ్చి పంపించాడు గానీ, తెలుగు ముక్క ఒక్కటీ అతనికి రాదు. ఎవరో ఒక నేపాలీ మనిషి బాపు గదిలో ఉండి, ఆయన ఫోన్ మాటలు విని, ఇంకెవరికో చెప్పి, అది ఈ కొండ ఎక్కి ఉండవచ్చు. అలా అనుకోవడానికి ప్రయత్నించాను.

చివరి రోజు బిమలా ముందు మళ్లీ రాళ్లు పెట్టాను. సిక్స్, సెవెన్, ఎయిట్. ఎక్కడా ఆగలేదు. "ఏడు ఏడ పోయింది?" అని నేనే అన్నాను. పిల్ల అర్థం కానట్టు గోమా మేడమ్ వంక చూసింది.

ఇంటికి వచ్చాక రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సంస్థ వాళ్లు మా అనుభవాలు ఒక పేజీలో రాసివ్వమన్నారు. పిల్లల నవ్వుల గురించి, పేదరికం నేర్పిన పాఠాల గురించి రాసి పంపాను. చదివితే నాకే సిగ్గేసింది.

మూడో రోజు అవ్వతో చెప్పాను. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. జరిగిందంతా వరసగా చెప్పి, ఆ మూడో మాట కూడా చెప్పాను. అవ్వ చేతులు ఆగిపోయాయి. చాట పక్కకు జరిపింది.

"ఆఖరుసారి ఫోన్ చేసినప్పుడు నువ్వు పండుకున్నవ్ బిడ్డా. లేపుత అంటే వద్దన్నడు. ఏడు ముచ్చటకు ఇంకో మాట కలిపిన, ఇగ నేను ఇంటికి వచ్చేదున్నది గద అని నవ్విండు. గిదే మాట. వచ్చే శుక్రారం నేనే చెప్త, నువ్వు చెప్పకు అన్నడు. మల్ల రెండు దినాలకే కబురచ్చింది. ఇగ నేనేం చెప్పాలె? ఎట్ల చెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. అవ్వను పట్టుకుని ఏడ్చాను. అయితే ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తట్టింది. మూడో మాట అవ్వ చెప్పలేదు, నేను చెప్పాను. నేను చెప్పాక అదే మాట అంది. రెండు మాటలే చెప్పి, తర్వాతది ఏమిటని అవ్వను అడిగి ఉండాల్సింది. అంత వెతికినదాన్ని, అసలు అడగాల్సిన చోట తప్పు చేశాను. భర్త నుంచి ఇంకొక్క మాట దక్కితే చాలని అవ్వ అలా అనేసిందేమో. మా అవ్వ నాతో ఎన్నడూ అబద్ధం ఆడలేదు. అయినా ఇలా అనుకున్నాను.

తర్వాతి ఆదివారం బెల్లంపల్లి వెళ్లాను. స్వప్న వాళ్లమ్మ అన్నం పెట్టింది. భోజనమయ్యాక స్వప్న నన్ను వాకిట్లోకి తీసుకొచ్చింది. తప్పయింది, మాఫ్ చెయ్యి అన్నాను.

"నేను నేర్పలేదని నమ్మి అచ్చినవా, ఇంకెవలు దొరకక అచ్చినవా?" అంది.

నేను వంగి చెప్పులు తొడుక్కోవడం మొదలుపెట్టాను. దానికి అదే జవాబైంది. బస్సు దాకా వచ్చి ఎక్కించింది గానీ, ఇప్పటికీ మేం మునుపటిలా లేం. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, క్షేమం చెబుతుంది, పెట్టేస్తుంది.

ఇది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. స్వప్న నేర్పలేదని ఇప్పుడు నమ్ముతున్నాను. అలాగని నేపాల్ కొండ మీది పిల్లకు మా బాపు చెప్పాడని అనలేను. ఎవరు అడిగినా నా దగ్గర ఉన్నది ఇంతే.

అవ్వ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, బీడీల గంప నెత్తికెత్తుకుని కార్ఖానాకు బయలుదేరబోతూ, గడపలో ఆగి అడిగింది.

"గా మాట అన్నప్పుడు ఆ పిల్ల మొకం ఎట్లున్నది? నవ్వుకుంట అన్నదా, ఏడ్సుకుంట అన్నదా?"

"నవ్వుకుంటనే అన్నదవ్వా."

అవ్వ తల ఊపి, గంప సర్దుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్నప్పుడు నేను చూస్తున్నది ఆ పిల్ల చేతి కింది రాళ్లను. మొహం చూడనే లేదు.