గొడుగుల కొట్టులో దేవుడి మీద వాదం

దేవుడు లేడని ఇరవయ్యేళ్ల వయసులో బల్లగుద్ది చెప్పినవాణ్ణి నేను. ఇప్పటికీ నా మాట అదే. అయినా దేవుడి గురించి విన్న వాదాల్లో నా నోరు మూయించింది ఒకటుంది. రంగూన్‌లో, పజుండౌంగ్ పేటలో, ఒక గొడుగుల కొట్టులో విన్నాను.

మా మేనమామ అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి బోధకుడు. అమ్మ మాత్రం హిందువుగానే ఉండి ఇంట్లో దీపం పెట్టేది, నాన్న సంస్కరణ సంఘం నడిపేవాడు, నేను ఆ సంఘంలో వాదించడం నేర్చుకున్నాను. మామయ్య ఉండే మేడ కింద ఒక సాయిబు గొడుగులు బాగుచేసేవాడు. తాతలది తమిళ దేశమైనా మా వీధిలోనే పుట్టి పెరిగాడు కాబట్టి మా తెలుగే మాట్లాడేవాడు. ఇద్దరికీ ముప్ఫయ్యేళ్ల వాదం.

సైనిక పాలనలో దేశం తలుపులు బిగించుకున్న రోజులవి. మిషనరీ దొరలు వెళ్లిపోయారు, తెలుగు బడి మూతపడింది, ఇండియా నుంచి పుస్తకాలు రావడం ఆగిపోయింది. ముస్లిముల అభ్యంతరాలకు జవాబులు చెప్పే పాత పుస్తకం ఒకటి, అట్ట ఊడినది, మామయ్య దగ్గర ఉండేది. ఏళ్లు గడిచేసరికి ఆ జవాబులన్నీ సాయిబుకు కూడా కంఠతా వచ్చేశాయి. ఇక మామయ్యకు సొంతంగా ఆలోచించుకోక తప్పలేదు.

"ఏటి అయ్యగారూ, మీ దేవుడు ఒకడా, ముగ్గురా? ఇయ్యాలైనా తేల్చండి."

"ఒకడే సాయిబూ. నీ గొడుక్కి పుల్లలెన్నున్నా గొడుగొకటే కదా?"

"పుల్లిరిగితే గొడుగు నాకాడికొస్తాది. మీ దేవుడికి ఇరిగితే ఎవడికాడికెళ్తాడు?"

వాళ్లకు మధ్యవర్తిని నేను. నాన్న సంఘంలోని నియమమే అక్కడా పెట్టాను. అవతలివాడి మాటను ముందు నువ్వు చెప్పాలి. అవతలివాడు "అదే" అని ఒప్పుకున్నాకే దానికి జవాబివ్వాలి. ఈ నియమం వల్ల ఎన్నో సాయంత్రాలు జవాబుదాకా పోకుండానే ముగిసేవి.

సాయిబు అభ్యంతరాల్లో గట్టిది సిలువ మీద. దేనికీ లోటు లేనివాడే దేవుడు. దెబ్బ తిన్నవాడు కొట్టినవాడికన్నా బలహీనుడు. చంపితే చచ్చేవాడు దేవుడెలా అవుతాడు? తర్కం ప్రకారం నేను సాయిబు పక్షమే. ఆ మాట దాచలేదు కూడా.

ఎనభయ్యెనిమిది వానాకాలంలో సైనిక ప్రభుత్వం మీద ఊరు లేచింది. తాకేటా, తామ్వే పేటల నుంచి జనం జెండాలతో నడిచారు. తుపాకులు పేలాయి. వీధి మొగల్లో వెదురు కంచెలు కట్టుకున్నాం. మామయ్య కొడుకు యూనివర్సిటీలో చదివేవాడు. ఊరేగింపుకు వెళ్లి తిరిగి రాలేదు. సైనికులు లారీలోకి ఈడ్చి ఎక్కించారని చూసినవాళ్లు చెప్పారు. నేనూ మామయ్యా ఆసుపత్రులన్నీ తిరిగాం. పేరు ఎక్కడా లేదు.

మామయ్య మాట్లాడటం దాదాపు మానేశాడు. రెండు ఆదివారాలు చర్చి తెరవలేదు. శుక్రవారం పొద్దున నాతో అన్నాడు: "అల్లుడూ, రేపు తాళాలు పెద్దలకిచ్చేస్తాను. మళ్లీ బోధకుడిగా నిలబడను. సెప్పడానికి నాకాడ మాట లేదు."

ఆ మధ్యాహ్నం కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని వీధి మొగ వైపు చూస్తున్నాడు. నమాజు నుంచి వచ్చిన సాయిబు సూదిలో దారం ఎక్కిస్తూ అడిగాడు.

"అయ్యగారూ, సిలువ గురించి మీరింకా జవాబివ్వలేదు. మీరు సెప్పకపోతే మీ జవాబు నేనే సెప్తాను. సరిగ్గా ఉంటే 'అదే' అనండి, సాలు."

మామయ్య చూపు వీధి మొగ మీదే ఉంది.

"మనిషి బాదేటో పైనున్న దేవుడికి తెలీదు. తెలుసుకుందారని దిగొచ్చినాడు. దెబ్బలు తిన్నాడు, తెలిసొచ్చింది. అందుకే ఇప్పుడు మన ఏడుపు ఆయనకి అర్దమవుద్ది. అంతే కదా?"

"కాదు," అన్నాడు మామయ్య.

ఆ కొట్టులో ఎన్నో రోజుల తర్వాత విన్న గొంతు. బొంగురుగా, కోపంగా ఉంది.

"తెలీక రాలేదు సాయిబూ. తెలీకపోతే లోటున్నట్టే, లోటున్నవాడు దేవుడు కాడని నువ్వే అంటావు కదా? అన్నీ తెలిసే వచ్చినాడు. పక్కనుండడానికి వచ్చినాడు. ఎవడో ఈడ్సుకెళ్తే సిలువెక్కలేదు..." ఆ మాట దగ్గర ఆగిపోయాడు. "నా గుంటణ్ణి లారీలోకి ఈడ్సినప్పుడు కూడా పక్కనే ఉన్నాడు. అది సెప్పడానికే వచ్చినాడు," అన్నాడు.

సాయిబు నా వైపు తిరిగాడు. "ముప్పయ్యేళ్లు తప్పుగా అర్దం సేసుకున్నాను సయా." బర్మాలో పంతుల్ని సయా అంటారు, నన్ను వెక్కిరించడానికే ఆ పిలుపు వాడేవాడు. ఆ రోజు వెక్కిరింపు లేదు. మామయ్యను మాట్లాడించడానికి కావాలని తప్పు చెప్పావా అని తర్వాత అడిగితే మండిపడ్డాడు. "తెలిసి తప్పు సెప్తే అది వాదమేటి?"

ఆ మధ్యాహ్నమే సాయిబు ఇంకో మాట కూడా అడిగాడు. అది నా నాలుక చివరా ఉంది. మధ్యవర్తినన్న వంకతో నేను మింగేశాను.

"పక్కనున్నాడు, సరే. మరి ఆపలేదేటి అయ్యగారూ?"

మామయ్య మళ్లీ వీధి మొగ వైపు తిరిగాడు. "తెలీదు సాయిబూ."

"సరే. తెలిసినప్పుడు సెప్పండి," అని సాయిబు మళ్లీ గుడ్డ కుట్టడం మొదలుపెట్టాడు.

శనివారం తాళాలు ఎవరికీ ఇవ్వలేదు. ఆదివారం వానలో నేనూ వెళ్లాను. పట్టుమని పదిహేనుమంది లేరు. మామయ్య బైబిలు తెరవకుండానే మొదలుపెట్టాడు. "నా స్నేహితుడొకడు అడుగుతున్నాడు," అని సాయిబు ప్రశ్నను చెప్పాడు. ఏ మొనా విరవకుండా, సాయిబుకన్నా పదునుగా చెప్పాడు. అంతకన్నా పదునుగా నేను చెప్పలేను. దేవుడికి వ్యతిరేకంగా నా జీవితంలో విన్న అత్యుత్తమ ప్రసంగం దేవుడి గుడిలో, కొడుకును పోగొట్టుకున్న బోధకుడి నోట విన్నాను.

"దీనికి నాకాడ జవాబు లేదు," అన్నాడు చివర్న. "ఉన్నట్టు నటించను. ప్రార్థన చేద్దాం."

అందరూ మోకరించారు. నమ్మనివాణ్ణి, నేను మోకరిస్తే అబద్ధమవుతుంది. కూర్చోవడానికీ మనసు రాలేదు. ప్రార్థన ముగిసేదాకా నిలబడే ఉన్నాను.