ఏ పచ్చ?

గుర్తులాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. జీతాల గుమాస్తాకు తప్ప అది ఎవరికీ అక్కర్లేదు. నిమ్మ, నారింజ, బత్తాయి చెట్లకు వచ్చే తెగుళ్లను అదుపు చేసే సర్కారు శాఖలో చెట్లకు గుర్తులు వేయడం ఆయన ఉద్యోగం. కాబట్టి ఊరంతా గుర్తులాయన అనే పిలిచేవారు. చూసేవాళ్లకు ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది. మెడలో భూతద్దం, చంకలో కుంచె, రెండు చేతుల్లో రెండు రంగు డబ్బాలు. ఎవరి పెరట్లో ఆ జాతి చెట్టు కనిపించినా గేటు తట్టి లోపలికి పోవడం, ఆకులు తిప్పి చూడటం, మొదలు చుట్టూ కడియంలా ఒక గీత గీయడం, ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేయడం.

ఆయన వేటాడేది పచ్చ తెగులును. నువ్వుగింజంత పురుగు ఒక చెట్టు రసం తాగి, ఎగిరి ఇంకో చెట్టు మీద వాలి, జబ్బును మోసుకుపోతుంది. ఆకు పచ్చబడుతుంది. ఈనెకు రెండు పక్కలా ఒకేలా పాలిపోతే అది చెట్టు ఆకలి, ఎరువు వేస్తే తీరుతుంది. ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా మచ్చలు పడితే మాత్రం తెగులే. దానికి మందు లేదు. పక్క చెట్లు బతకాలంటే ఆ చెట్టును కొట్టేయాలి.

పూర్వం జబ్బు చెట్టుకు ఎర్ర గీత వేసేవారు. ఎరుపు చూసి జనం బెదిరిపోతున్నారని పైవాళ్లు దాన్ని మాన్పించి, జబ్బు చెట్టుకు పసుపుపచ్చ, మంచి చెట్టుకు ఆకుపచ్చ అని పెట్టారు. జనం బెదరడం మానేశారు. తర్వాత జరిగింది చూస్తే ఆ ఎరుపే నయమనిపిస్తుంది.

ఆయనది కాలికి చక్రాలున్న ఉద్యోగం. తెగులు ఎక్కడుంటే బదిలీ అక్కడికి. వెళ్లిన ప్రతి క్వార్టర్లోనూ ఆయన భార్య దిగీ దిగగానే ఒక బత్తాయి మొక్క నాటేది. అది కాపుకొచ్చేలోగా బదిలీ వచ్చేది. "ఊరూరా నా బత్తాయిలు ఎవరెవరో తింటున్నారు, నాకు మాత్రం ముళ్లు గీరుకున్న మచ్చలే మిగిలాయి," అని కుట్టుమిషన్ తొక్కుతూ అనేది. అందులో సగం వేళాకోళం. మిగతా సగం ఏమిటో ఆయనకు తెలుసు, అందుకే ఆ మాట వచ్చినప్పుడల్లా చెప్పులు వేసుకుని బయటికి పోయేవాడు. ఎలాగో ఈ ఊళ్లో మాత్రం పైవాళ్లు ఆయన్ని మరిచిపోయారు. చెట్టు పెరిగింది, పూసింది, కాసింది. మొదటి కాయను ఆమె వసారాలో కూర్చుని ఒలిచి, ఆయనకు ఒక్క తొన కూడా పెట్టకుండా తినేసింది. అంత సంతోషంగా ఆమెను ఆయన అంతకుముందు చూడలేదు.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం ఆ చెట్టు కొమ్మ ఒకటి వంచి చూస్తే, ఆకు మీద ఈనెకు అటొకలా ఇటొకలా మచ్చలు ఉన్నాయి. ఇంకో ఆకు చూశాడు. ఇంకోటి చూశాడు. భూతద్దం తుడుచుకుని మళ్లీ చూశాడు. తప్పు అద్దానిది కాదు.

"ఏవండీ, ఊళ్లో అందరి చెట్లకీ వేశారు, మన చెట్టుకి గుర్తు వెయ్యరా?" అని వసారాలోంచి ఆమె అడిగింది.

"వేస్తున్నాగా," అన్నాడు. అని, ఆకుపచ్చ డబ్బా మూత తీశాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి వేసిన మొదటి దొంగ గుర్తు అది. గీత వంకర పోయింది. రోజూ తెల్లారకముందే లేచి ఆ చెట్టుకు పురుగుమందు కొట్టేవాడు. మందు కొడుతున్నానుగా, పురుగు పక్కింటికి దాటదులే అని మనసుకు సర్దిచెప్పుకునేవాడు. మనసు సర్దుకున్నట్టు నటించేది, అంతే. ఆయనకు సిగ్గుగా ఉండేది, భయంగానూ ఉండేది.

ఇలా ఉండగా పై నుంచి ఉత్తర్వు దిగింది. "పచ్చ గుర్తు గల చెట్లను తక్షణమే తొలగించవలెను." అంతే. దాన్ని రాసిన మహానుభావుడి దృష్టిలో తెగులు పేరే పచ్చ తెగులు కాబట్టి పచ్చంటే పసుపు. చెట్లు కొట్టే ముఠాకు రంపం మేస్త్రీ పెద్ద. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పచ్చంటే ఆకు రంగు. ముఠా ఊరి చివరి వీధిలో మొదలుపెట్టింది. ఆకుపచ్చ గీతలున్న నిగనిగలాడే చెట్లన్నీ మధ్యాహ్నానికి నేలకూలాయి. పసుపు గీతలున్న రోగిష్టి చెట్లు మాత్రం కడుపులో చల్ల కదలకుండా నిలబడి ఉన్నాయి.

గుర్తులాయన పరుగున వెళ్లి రంపానికి అడ్డం నిలబడ్డాడు. "మేస్త్రీ, ఇది మంచి చెట్టు. కొట్టాల్సింది దాని పక్కది."

"పచ్చవి కొట్టమన్నారు సార్."

"పచ్చంటే పసుపుపచ్చ."

"గడ్డి పచ్చగా ఉందంటే పసుపుగా ఉన్నట్టా సార్?"

"పచ్చకామెర్లు వస్తే మనిషి చిలకలా మారతాడా?"

మేస్త్రీ చెడ్డవాడు కాదు. చాలాసేపు ఆలోచించాడు. "మీరు చెప్పేదీ బానే ఉంది. కానీ కాగితంలో కామెర్లని లేదు కదా సార్, ఉత్త పచ్చ అనే ఉంది," అన్నాడు. రంపం మళ్లీ మొదలైంది. పడిపోయిన చెట్టు తాలూకు ఇల్లాలు గుమ్మంలో నిలబడి, "ఇంటి ముందు ఒక్క చెట్టు పచ్చగా ఉంటే ఓర్వలేకపోయారు," అని గుర్తులాయన్నే తిట్టింది. ఆ గీత గీసింది ఆయనే మరి.

ఆఫీసరు దగ్గరికి వెళ్తే, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. నిమ్మ శాఖలో అంతకంటే ఆశించకూడదేమో. అంతా విని, గంభీరంగా తల ఊపి, పైవాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లు ఒక కమిటీ వేసి, చర్చించి, మరునాటికల్లా వివరణ పంపారు. ఆఫీసరు దాన్ని చదివి వినిపించాడు: "పచ్చ అనగా పచ్చయే అని గ్రహించవలెను."

"అంటే ఏ పచ్చ సార్?"

"అదేనయ్యా, పచ్చ. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా అడుగుతావేమిటి?"

"మంచి చెట్లు పోతున్నాయి సార్."

"పోతున్నాయి కదా. అంటే కార్యక్రమం నడుస్తున్నట్టే," అని ఆఫీసరు ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకున్నాడు. ఆ తృప్తి చూస్తే ఒళ్లు మండుతుంది గానీ, ఎవరి ఒళ్లు మండితే ఆయనకేం.

రేపు ముఠా గుర్తులాయన ఉండే వీధికి వస్తుంది. ఇంటికి నడుస్తుండగా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. తన చెట్టుకున్న ఆకుపచ్చ గీత దొంగది. దొంగ గీత ఉంచితే చెట్టు పోతుంది. నిజం గీత, అంటే పసుపు గీత గీస్తే చెట్టు దక్కుతుంది. నిజం చెప్పి చెట్టును కాపాడుకోవచ్చు. ఇంత తేలికైన దారి దేవుడు ఎవరికీ చూపించి ఉండడు. ఆయన పసుపు డబ్బా తీసుకుని తిన్నగా పెరట్లోకి పోయాడు.

కుంచె ముంచాడో లేదో, వెనక ఆమె నిలబడి ఉంది.

"పసుపు జబ్బు చెట్లకు కదా?" అంది.

"ఇప్పుడు లెక్క తిరగబడింది. ఆకుపచ్చవి కొడుతున్నారు. ఇది కాపాడటానికే వేస్తున్నాను."

"కాపాడటానికే అయితే అందరివీ వెయ్యాలి కదా. మన ఒక్కదానికే చేయి వెళ్లిందేం? రోజూ తెల్లారకముందే లేచి దీనికి మందు కొడుతున్నదేం?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన కుంచె డబ్బా మీద పెట్టి, కొమ్మ వంచి, ఆకు చూపించాడు. ఈనెకు అటూ ఇటూ చూపించాడు. ఆమెకు చెప్పనక్కర్లేదు, ఇన్నేళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి.

"ఎప్పటి నుంచి?"

"గుర్తు వేసిన రోజు నుంచి."

ఆమె ఆ ఆకును తుంచి అటూ ఇటూ తిప్పి చూసింది. "చెట్టు పోతే ఏడ్చి ఊరుకునేదాన్ని," అంది చివరికి. "నాకు చెప్పకపోవడమే... రోజూ దాని కింద కూర్చుని కుట్టుకుంటున్నాను కదా, ఒక్కరోజైనా చెప్పాలనిపించలేదా మీకు?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, గోడ అవతల పక్కింటివాళ్ల నారింజ చెట్టును చూసింది. దానికీ ఆకుపచ్చ గీతే, అయితే అది నిజం గీత. ఎదురింటి నిమ్మకూ, మూలింటివాళ్ల రెండు బత్తాయిలకూ అంతే.

"రేపు ఇవన్నీ కొట్టేస్తారా?"

"కొట్టేస్తారు."

"మన జబ్బుది మాత్రం ఉంటుందా? ఉండి, మిగిలినవాళ్లెవరైనా మళ్లీ మొక్కలు వేసుకుంటే వాటికీ అంటిస్తుందా?" ఆమె వంగి పసుపు డబ్బా తీసుకుని ఆయన చేతికిచ్చింది. "పదండి. వీధిలో అందరివీ పసుపు చెయ్యండి. మనది ఇలాగే ఉంచండి."

సాయంత్రం అయ్యేసరికి వీధిలో ప్రతి మంచి చెట్టూ పసుపు గీతతో జబ్బుదైపోయింది. ఆమె కూడా ఒక పాత కుంచె పట్టుకుని గోడల మీదుగా వంగి పూసింది. జబ్బు చెట్టు ఒక్కటే ఆకుపచ్చ గీతతో ఆరోగ్యంగా మిగిలింది.

పొద్దున మేస్త్రీ ముఠాతో వచ్చి వీధంతా తిరిగాడు. అంతా పసుపే. తిరిగి తిరిగి గుర్తులాయన గేటు ముందు ఆగి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "సార్, వీధి మొత్తం మీద పచ్చది మీ ఇంట్లోదే ఉంది. ఇంత కాలం కలిసి పని చేశాం. మీరు ఊ అంటే నేను చూడనట్టు పోతాను."

ఒక్క ఊ చాలు. ఆ ఊ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన భార్య వైపు చూశాడు.

"పచ్చదే కదా," అని ఆమె మేస్త్రీతో అంది. "కొట్టండి."

రంపం సగానికి చేరుకునేసరికి వీధి వీధంతా గేటు ముందు మూగింది. తమ చెట్లను పసుపుతో దాచిపెట్టి, సొంత చెట్టును బలిచ్చిన మనిషిగా అందరూ గుర్తులాయనకు చేతులు జోడించారు. పక్కింటాయన కళ్లొత్తుకున్నాడు. "నిక్షేపంలాంటి చెట్టు సార్," అని మేస్త్రీ కూడా బాధపడ్డాడు. గుర్తులాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. జీవితంలో ఎన్నడూ అందుకోనంత గౌరవం ఆయన అందుకుంటున్నాడు. అందులో ఒక్క ముక్క కూడా తనది కాదు. ఆ వీధిలో ఆ పూట నిజం చెప్పిన గీత ఒక్కటీ లేదు, ఆ కార్యక్రమం సరిగ్గా నడిచింది మాత్రం ఆ ఒక్క వీధిలోనే.

కొన్ని వారాలకు ఇంకో వివరణ వచ్చింది, ఈసారి పచ్చ అనగా పసుపుపచ్చ అని. గుర్తులాయన నిట్టూర్చి, ఆకుపచ్చ డబ్బా పట్టుకుని వీధంతా మళ్లీ మొదటికి తెచ్చాడు. అలసిపోయి, రెండు డబ్బాలతో పెరట్లోకి వచ్చేసరికి ఆమె మొద్దు దగ్గర కూర్చుని ఉంది. అన్నాళ్లుగా ఆమె ఆ పక్కకే వెళ్లలేదు, ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు కూడా.

"చూశారా, చిగురొచ్చింది," అంది. మొద్దు పక్క నుంచి చిటికెన వేలంత చిగురు లేచి ఉంది. నాలుగు ఆకులు, లేతగా, మెరుస్తూ. మచ్చ ఒక్కటి లేదు. "పచ్చగా ఉంది కదండీ. ఇది మంచిదేనా?"

పాత వేరు మీద లేచిన చిగురులోనూ పాత జబ్బే పారుతుంది. మచ్చలు కనబడటానికి ఇంకా టైము ఉంటుంది, అంతే. ఏడాది పాటు అవునని చెప్పినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. ఆయన చిగురునూ చూశాడు, ఆమె ముఖాన్నీ చూశాడు.

"కాదు," అన్నాడు.

పసుపు డబ్బా మూత తీశాడు. అంత సన్నని చిగురుకు గీత గీయడం కష్టం, గాలికి కదులుతోంది. ఆమె రెండు వేళ్లతో దాన్ని కదలకుండా పట్టుకుంది.