మబ్బుల్ని తోలేసే ఫ్యాన్లు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం దాటితే చాలు, ఇంటిల్లిపాదీ పడమటి దిక్కు చూసేవాళ్లం. ఆ దిక్కున గుట్ట, గుట్ట మీద కొత్తగా నిలబెట్టిన గాలిమరలు... వాటి వెనక నుంచి మబ్బులు.

అనంతపురం జిల్లా అంటే మబ్బులు కూడా రావనుకుంటారు. ఎందుకు రావు? నల్లగా, నిండుగా వచ్చేవి. అమ్మ దండెం మీది బట్టలు తీసేది, అవ్వ పిడకలు లోపల వేయించేది. అంతలో ఈదురుగాలి లేచి, మబ్బులన్నీ మా నెత్తి మీదుగా తూర్పుకి పోయేవి. అమ్మ మళ్లీ బట్టలు ఆరేసేది... ఆషాఢం, శ్రావణం అంతా ఇదే తంతు.

మా ఊరివాళ్లు ఒక సంగతి తేల్చేశారు. గాలిమరలే మబ్బుల్ని తోలేస్తున్నాయని! వాటిని మేం ఫ్యాన్లు అనేవాళ్లం. అంతంత రెక్కలు తిరుగుతుంటే మబ్బు నిలుస్తుందా మరి? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టు, ఇవి మాకు కరెంటూ ఇవ్వవు, వానా పడనివ్వవు అని రచ్చకట్ట మీద రోజూ తిట్లే. అందరికంటే గట్టిగా తిట్టేది మా నాయన. ఫ్యాన్లకూ వానకూ సంబంధం లేదని బళ్లో సారు చెప్పాడు గానీ ఎవరూ వినలేదు. సారుకు చేను లేదు కదా...

ఆ ఏడు వేరుశెనగ బాగా మొలిచింది. పూత కూడా పచ్చగా విరగబూసింది. పూత అయ్యాక చెట్టు నుంచి ఊడలు నేలలోకి దిగాలి, దిగితేనే కాయ. దానికి నేల మెత్తబడాలి. ఒక్క వాన... ఒక్కటంటే ఒక్కటి చాలు.

నాయన ఒక చెట్టును వంచి నాకు చూపించాడు. ఊడ కొన నేలకు తగిలి, నల్లగా మాడిపోయి ఉంది.

"చూడు పాపా, దిగల్లని చూస్తాండాది... నేల దిగనీలేదు" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాడు. అక్కడ కాపలా ఉండే ఓబులేసు పక్కూరి రైతే, నాయనకు తెలిసినవాడే. కొట్లాడతాడేమోనని నాకు భయం... నాయన కొట్లాడలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరి ముందూ ఆయన అలా నిలబడగా నేను చూడలేదు.

"ఒక్క పొద్దు నిలబెట్టప్పా. వాన పడినంక నీ ఇష్టం."

ఓబులేసు తలెత్తి రెక్కల వైపు చూశాడు.

"నా చేను గూడా ఎండిపోతాందన్నా. నా చేతిలో ఉంటే ఎప్పుడో నిలబెట్టేవాణ్ణి గదా."

ఇద్దరూ ఆ ఫ్యాను మొదట్లోనే కూర్చుని బీడీలు కాల్చుకున్నారు. పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

తర్వాత భాద్రపదంలో ఒకనాడు గాలి పడిపోయింది. ఫ్యాన్లు వాటంతటవే నిలిచిపోయాయి! పిల్లలం అరుచుకుంటూ వీధుల్లో పరిగెత్తాం. అవ్వ వాకిట్లో నిలబడి పడమటికి దణ్ణం పెట్టింది. నాయన పోయి చేను గట్టు మీద కూర్చున్నాడు.

సాయంత్రం దాకా చూశాం. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గాలే లేకపోతే మబ్బులను తెచ్చేదెవరు... మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే.

చివరికి గొర్రెల కాపరిని పిలిచి, చేను మేపుకోమని చెప్పేశాడు నాయన. గొర్రెలు తింటుంటే అక్కడ నిలబడలేక ఇంటికి వచ్చేశాం.

గాలి మళ్లీ వచ్చింది, ఫ్యాన్లూ తిరిగాయి. కానీ నాయన వాటిని మళ్లీ ఒక్క మాట అనలేదు. అన్నం దగ్గర కూడా తల వంచుకుని తిని లేచేవాడు. ఆ తిట్లే నయమనిపించేది నాకు...

ఇప్పుడు ఆ గుట్ట నిండా ఫ్యాన్లే. వాన రాదని ఫోనే ముందుగా చెప్పేస్తోంది. అందరూ చూసుకుని, ఊరికే జేబులో పెట్టుకుంటున్నారు.

మీ ఊర్లో వాన రాకపోతే మీ పెద్దోళ్లు ఎవర్ని తిట్టుకునేవాళ్లు? తిట్టుకోవడానికి ఎవరైనా మిగిలారా... చెప్పండి.