గుట్ట కింద కట్టేసిన మేకలు

ఆ సాయంత్రం మా అమ్మ గుర్వమ్మ దోటితో తుమ్మకొమ్మ వంచి కోసింది. తాడు కట్టి కొట్టం దూలానికి వేలాడదీసింది. నేల మీద పడేస్తే మేకలు తొక్కి వదిలేస్తాయి, పైనుంచి వేలాడితే ముందుకాళ్లు లేపి మరీ తింటాయి. మూడింటికీ ఆకు అందుతోందో లేదో చూసుకుని, చేతులు కడుక్కుని పడుకుంది. తెల్లవారి లేవలేదు.

దేవరకొండ అవతల మా ఊరు. తెలంగాణ వచ్చాక ఊరూరా మొక్కలు నాటుతున్న రోజుల్లో మా బోడిగుట్ట మీద కూడా వేప, కానుగ నాటారు. నీళ్లు మోసే పని అమ్మకు దొరికింది. అదే వారంలో, గుట్టెక్కిన మేకను బందెలదొడ్డిలో పెడతామని చాటింపు వేశారు. తాడు తెంపుకుపోయిన మా మేకనే మొదట పెట్టారు. గ్రామసభలో అమ్మను నిలబెట్టి జుర్మానా వేశారు.

"పొద్దుగాల నీళ్లు పోస్తవు, మాపటికి మేపుతవా గుర్వమ్మా?" అని ఎవరో అంటే సభంతా నవ్వింది. ఆ తర్వాత ఆమె ఏ సభకూ పోలేదు. మేకలను విప్పనూ లేదు.

మరుసటి ఏడు బడిలో భాగ్యశ్రీ టీచరు పిల్లలతో ఆ గుట్ట గురించి బొమ్మల పుస్తకం చేయించింది. అందులో పాట అమ్మదే. మేకలు కాస్తూ ఆమె "ఎదుగెదుగు మేకపిల్లా" అని పాడుకునేది. పుస్తకంలో మేకపిల్ల పోయి మొక్కపిల్ల వచ్చింది. అచ్చయ్యాక టీచరు పిల్లలను వెంటేసుకుని మా ఇంటికే తెచ్చి చూపింది.

"నా బొమ్మ మంచిగనే దించిండ్రు. ముక్కు జర పెద్దగైంది" అంది అమ్మ.

"నీ ముక్కు పెద్దదే గదా అవ్వా!" అన్నారు పిల్లలు.

తర్వాతి పేజీలో నోట్లో ఆకుతో పరుగెత్తే మేక, వెనక కర్రలతో పిల్లలు.

"గీ దొంగ ఎవరే?"

"మేక అవ్వా. మొక్కలు తింటది గదా!"

"మేక మొక్క తినకుంటే గారెలు తింటదా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి పిల్లలు మా కొట్టం ముందు నుంచి పోతూ "దొంగ మేకా" అని అరిచేవారు. వాళ్లను తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. పంద్రాగస్టుకు బడికి పిలిచి ఆ పాట పాడమంటే పోయి పాడింది, మొక్కపిల్లా అనే.

నేను మహబూబ్‌నగర్ నుంచి ఫోన్‌లో మేకలను అమ్మేయమని పోరేదాన్ని.

"కట్టేస్తే ఏడుస్తయి, ఇడిస్తే బందెలదొడ్డి, అమ్మితే కటికోడు. నువ్వే చెప్పు పుష్పా, ఏం జెయ్యాలె?"

 మోకాళ్లు అరిగి నీళ్ల పని మానేశాక అమ్మ గుట్ట దిక్కు పోవడమే మానేసింది. పొలం గట్ల మీద దొరికిన కొమ్మ తెచ్చి వేసేది. ఎప్పుడు ఫోన్ చేసినా వెనక మేకల అరుపే.

దినాలయ్యాక వార్డు మెంబరు పరశురాములు కాకను అడిగాను, మేకలను కోయకుండా సాదుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

"ఇచ్చుడెందుకు బిడ్డా? ఎవలకన్న కూలిచ్చి గుట్టకే తోలియ్యరాదు."

"గుట్టకా?"

"చెట్లు మేకకు అందనంత పెరిగినయని అవతలి దిక్కు పోయిన వానకాలమే మేపుకు ఇడిసిపెట్టినం గదా. సభల చెప్పినం. మీ అమ్మ తెలిసే, పంతానికి కట్టేసుకున్నదనుకున్నం."