కుడి తలుపు

కార్లకు పాటల సెట్లు బిగించే ఆయన్ని ఆ వీధిలో అందరూ పాముచెవి అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనా మురిసిపోతాడు. కారు ఇంకా మలుపు తిరుగుతుండగానే "వెనక స్పీకరు చిరిగింది చూసుకో" అని చెప్పేసిన రోజులున్నాయి మరి. అలాంటి మనిషి ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్క తలుపుతో కుస్తీ పడుతున్నాడు.

కారు డ్రైవింగ్ నేర్పే మేడమ్‌ది. పాట వింటూ ఉంటే కొత్తవాళ్ళకు క్లచ్చు మీద కాలు వణకదని ఆవిడ నమ్మకం. ముందు తలుపులకు మంచి స్పీకర్లు బిగించమని, సాయంత్రం క్లాసు వేళకు వస్తానని చెప్పి వెళ్ళింది. ఎడమ తలుపు పని ఇట్టే అయిపోయింది. కుడిదే మొరాయించింది. డ్రైవరు సీట్లో కూర్చుని వింటే ఎడమ నుంచి పాట గలగలా వస్తోంది. కుడి నుంచి మాత్రం గోడ అవతల పక్కింటివాళ్ళు గొణుక్కుంటున్నట్టు వస్తోంది.

తలుపు ప్యాడ్ ఊడదీశాడు. చిన్న బ్యాటరీని తీగలకు తాకించి చూశాడు. స్పీకరు బుద్ధిగా ముందుకు ఉబికింది. అంటే ప్లస్సూ మైనస్సూ తారుమారు కాలేదు. తలుపు సందులోని రబ్బరు గొట్టంలోంచి వైరు మళ్ళీ కొత్తగా లాగాడు. బిగించాడు. గొణుగుడే! ఈసారి రెండు స్పీకర్లనీ అటుదిటూ ఇటుదటూ మార్చాడు. ఇందాకటి దాకా గలగలలాడింది కుడి తలుపులోకి రాగానే నోరు మూసుకుంది. గొణిగిన మూగమొద్దు ఎడమ తలుపులో గొంతెత్తి పాడింది.

ఇక కాలు నిలవలేదు. కారు చుట్టూ తిరిగాడు, స్క్రూడ్రైవర్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఈ మధ్య ఇద్దరు ఖాతాదారులు తిరిగొచ్చి "కుడి వైపు మోత తగ్గించు బాబూ, చెవి చిల్లు పడుతోంది" అన్నారు. వినడం రాని జనమని నవ్వుకున్నాడప్పుడు. ఇప్పుడా మాటలు చొక్కాలో దూరిన చీమల్లా పాకుతున్నాయి.

షెడ్డులోనే ఓ పక్క మిషను మీద సీటు కవర్లు కుడుతూ ఆయన ఇల్లాలు ఇదంతా చూస్తూనే ఉంది. కొన్నాళ్ళుగా ఆవిడ మొగుడితో ముభావంగా ఉంటోంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చివరికి ఉండబట్టలేక లేచి ఎదురుగా వచ్చింది.

"ఆ తలుపు మీకేం ద్రోహం చేసిందని అన్నిసార్లు ఒలుస్తున్నారు?"

"తలుపు కాదే, సెట్టులోనే ఏదో ఉంది" అని మళ్ళీ కార్లో దూరాడు.

ఆ విసురుకు చేతిలో స్క్రూ ఎగిరి వెనక సీటు కింద పడింది. పాట మోగుతూనే ఉంది. సీటు మీద మోకాళ్ళేసి, వెనక్కి తిరిగి వంగాడు. అంతే, కుడి తలుపు గలగలమంది! ఎడమది గొణిగింది. ముందుకు తిరిగాడు. కుడిది గొణిగింది. వెనక్కి తిరిగాడు. ముందుకు తిరిగాడు. తలుపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తిరుగుతున్నది తనే.

"బాబాయ్!" కిటికీలో మేడమ్ తల. "రివర్సు నేర్చుకుంటున్నావా? అది నేను నేర్పిస్తాలే, దిగు."

సెట్టు బాలేదు, రేపు రామ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రేపైతే మాత్రం ఈ చెవి వింటుందా? కిందికి దిగి భార్య దగ్గరికెళ్ళాడు.

"కాస్త వచ్చి కూర్చో. రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చెప్పు."

"నేనా? పాము చెవులు మీవి కదా!"

"కుడి చెవి వినపడట్లేదే" అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడ చేతిలో కత్తెర ఆగింది. "ఎప్పట్నుంచీ?"

"ఇప్పుడే తెలిసింది."

"ఇప్పుడేంటి! వానలకి ముందు నుంచీ మిషను దగ్గర్నుంచి ఎంత పిలిచినా పలకరు. పొగరెక్కిందనుకున్నా. మా అక్కకి ఫోన్ చేసి మరీ తిట్టాను మిమ్మల్ని!"

"నాకు తెలీదే?"

"మీ కుడి పక్కన నిలబడే తిట్టా!"

మేడమ్ పక్కకు తిరిగి నవ్వాపుకుంది. ఇల్లాలు మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, డ్రైవరు సీట్లో దర్జాగా కూర్చుంది. ఆయన రెండు పక్కల మోతా సరిచేసే బటన్ తిప్పుతుంటే కళ్ళు మూసుకుని "ఎడమకి... ఇంకొంచెం... అయ్యో, ఎక్కువైంది... ఆ, అక్కడే" అంది. చూస్తే బటన్ సరిగ్గా నడిమధ్యన ఉంది, పొద్దున డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్నట్టే.

మేడమ్ విని, బాగుందని చెప్పి కారు తీసుకెళ్ళింది.

"రేపు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గరికి పోదాం" అంది భార్య.

"ఇక రాదంటేనో?"

"రాకపోతే నేను వింటా, మీరు బిగించండి. ముందు కూర్చోండి."

"ఎందుకు?"

"ఇన్నాళ్ళూ గాలికి పోయినవన్నీ మొదట్నుంచీ చెప్పాలి" అంటూ స్టూలు ఈడ్చుకొచ్చి, ఆయనకు ఎడమ పక్కన వేసుకుంది.