చెరపలేని రికార్డింగు

సూళ్లూరుపేటలో నేనూ నా స్నేహితుడు శీనూ బల్లమీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల గురించి పాడ్‌కాస్ట్ చేస్తుంటాం. శీను వాళ్ల పాత చేపల వలల సీసం గుండ్లు కరిగించి ఆ సైనికుల్ని పోత పోశాం. ఒక ఆదివారం ఆడుతూ, రికార్డింగు నడుస్తుండగా, బ్లేడుతో ఒక బొమ్మ అంచులు చెక్కుతున్న శీను, "గుర్రాన్ని అంగుళం ఎక్కువ జరిపినావు. తొండి!" అని అరిచాడు.

ఒళ్లు మండి బల్లను బలంగా తోశాను. బ్లేడు వాడి అరచేతిలో దిగబడింది. రక్తం చిమ్మింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే ఆరు కుట్లు వేశారు.

'అయ్యో శీనూ' అన్నాననే నమ్మకంతో మర్నాడు రికార్డింగు విన్నాను. వాడి కేక వెనకే నా గొంతు: "చెయ్యి పక్కకి తియ్‌రా, బొమ్మలు పాడైపోతాయి!"

సిగ్గుతో వాడికి చెప్పాను.

"అప్పుడే విన్నాలేరా" అన్నాడు శీను.

విని కూడా, ఆటోలో నా భుజం మీదే తల ఆనించాడు.